సైన్యవైద్యుడు లారే చరిత్రము

నెపోలియను పేరు విననివాడు మన పాఠశాలలో నొక్కడును లేడు. ఆయన యుద్ధముల పేళ్లను, తేదీలను మన బాలురు కంఠస్థము చేసి పరీక్షలలో వ్రాయుదురు. ఐతే ఆ యుద్ధములయందు ఆయన వెంట నడచి, గాయపడినవారిని బాగుచేయుటకే తన ఆయువును ధారపోసిన డొమినిక్ లారే అను శస్త్రవైద్యునికి చరిత్ర పాఠములలో చోటు మిగులుట లేదు. స్వదేశమందు మాత్రము ఆయన కీర్తి తక్కువది కాదు. పారిసు నగరమందలి విజయద్వారముపై సేనానాయకుల పేళ్లతో పాటు ఈ వైద్యుని పేరును చెక్కబడి యున్నది.

ఆయన చరిత్రమును ఈ సంచికకు వ్రాయుటకు మాకు మరియొక హేతువు కలదు. చిరకాలము చలిలో నుండిన మనుష్యుని చేతులకును కాళ్ళకును ఏమి సంభవించునో లారే చూచినంత దగ్గరగా చూచినవారు ఆ కాలమున అరుదు. ఆయన కన్నులు చూచినది సత్యము. దానినిబట్టి ఆయన నిర్ణయించిన చికిత్సలో నొక పెద్ద పొరపాటు కలదు. ఆ పొరపాటు ఆయన పేరుప్రతిష్ఠల నీడన నూరేండ్లకు పైగా నిలిచెను. రెండింటిని దాచక చెప్పవలెనని మా యుద్దేశము.

1766వ సంవత్సరము జూలై 8వ తేదీని ఫ్రాన్సు దేశపు దక్షిణపు టెల్లయందు, పిరెనీసు పర్వతముల లోయలోని బోదేఆన్ అను చిన్న పల్లెలో లారే జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించువాడు. ఆ తండ్రి బాలుని చిన్నతనముననే గతించెను. ఊరి దేవాలయపు గురువు పిల్లవానియందలి బుద్ధిసూక్ష్మతను గుర్తించి చదువు నేర్పెను. పదుమూడేండ్ల ప్రాయమున లారే తల్లిని విడిచి, కాలినడకను టులూజ్ నగరమునకు పోయి, అచ్చట శస్త్రవైద్యుడుగా నున్న తండ్రి సోదరుని యొద్ద చేరెను. కొన్ని సంవత్సరములు ఆ యింటనే యుండి వృత్తి నేర్చెను. 1787లో పై చదువులకై పారిసు చేరి, పిమ్మట నౌకాదళమున వైద్యుడై, న్యూఫౌండ్లండు తీరమున చేపలు పట్టు ఫ్రెంచి పడవలకు కాపుగా పోయిన యొక యుద్ధనౌకలో నొక యేడు గడపెను. మంచుగడ్డలు తేలియాడు సముద్రమును ఆయన మొదట చూచినది అప్పుడే. తిరిగి పారిసు వచ్చునప్పటికి ఫ్రెంచి విప్లవము సమీపించుచుండెను.

1792లో ఆయన రైను నదీతీరపు సైన్యమున శస్త్రవైద్యుడుగా చేరెను. అప్పటి నియమము వినిన మనకు ఒడలు గగుర్పొడుచును. వైద్యశకటములు యుద్ధభూమికి ఒక క్రోసెడు దూరమున నిలువవలెను. యుద్ధము ముగిసిన పిదపనే అవి ముందునకు వచ్చుచుండెను. అంతలో నొక పగలును ఒక రాత్రియు గడచుచుండెను. కాలు తెగినవాడు ఆ సమయమంతయు పడినచోటనే పడియుండును. సైన్యము వెనుకకు తగ్గినయెడల వాడు శత్రువు చేత చిక్కును, లేదా నెత్తురు కారి మరణించును. లారే దీనిని సహింపలేకపోయెను. ఫిరంగులను గుఱ్ఱములచే వేగముగా లాగించుకొని పోవు దళములను చూచి, ఫిరంగి అంత వేగముగా పోగలిగినప్పుడు వైద్యుడేల పోరాదని ఆయన తలపోసెను. తేలికయైన బండ్లను చేయించి, లోపల పరుపు వేయించి, కుదుపు తగ్గునట్లు ఇనుప కమానులను అమర్చెను. రెండు చక్రముల బండికి రెండు గుఱ్ఱములు, నాలుగు చక్రముల బండికి నాలుగు. ఈ బండ్లు గుండ్లు కురియుచుండగనే యుద్ధభూమికి పోయి గాయపడినవారిని తెచ్చుచుండెను. వీనికి ఎగిరెడి ఆంబులెన్సులని పేరు వచ్చెను. నేడు మన వీధులలో కూత వేయుచు పరుగెత్తు ఆంబులెన్సు బండికి మూలపురుషుడు ఈ పల్లెటూరి బీదవాడే. తరువాత ఈజిప్టు దండయాత్రలో బండ్లు ఇసుకలో నడువవని ఎఱిగి, ఒంటెల కిరుప్రక్కల పెట్టెలు కట్టించి వానిలో రోగులను పరుండబెట్టి మోయించెను.

బండికన్న గొప్పది ఆయన పెట్టిన యొక నియమము. ఎవని గాయము అపాయకరమో వానిని మొదట చూడవలెను. వాడు సేనాపతియా, బంటా అని అడుగరాదు. ఫ్రెంచివాడా, శత్రువా అనియు అడుగరాదు. యెరికో మార్గమున పడియున్నవానిని సమరయుడు ఏ జాతివాడవని అడుగలేదు. ఆ ఉపమానమును ఆదివారమున వినుట సులభము. చిన్న గాయము తగిలిన సేనాధికారి యెదుట నిలువబడియుండగా అతనిని ఆగుమని చెప్పి, రష్యా బంటు కాలికి కట్టు కట్టుట సులభము కాదు.

ఇక చలిని గూర్చి చెప్పుదుము. 1807వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీని తూర్పు ప్రష్యాలోని ఐలావు అను గ్రామము కడ ఫ్రెంచి సైన్యమును రష్యా సైన్యమును తలపడినవి. భూమియంతయు మంచు కప్పియుండెను. పైకప్పులు లేని కొట్టములలో లారే పగలును రేయియు శస్త్రచికిత్స చేసెను. సహాయకుల వ్రేళ్ళు బిగిసి పనిముట్లు చేతులనుండి జారిపోవుచుండెను. చలికి మొద్దుబారిన అవయవమును కోయునప్పుడు రోగికి నొప్పి అంతగా తెలియకుండుటను ఆయన అచ్చటనే గమనించెను. మత్తుమందు శస్త్రచికిత్సలో వ్యాప్తికి వచ్చినది 1846 తరువాతనే గాన, ఆనాటి రోగులకు ఇది ఎంతటి యుపశమనమో ఊహింపవచ్చును.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి ఆయన కనుగొనెను. యుద్ధమునకు ముందు కొన్ని దినములు చలి అతి తీవ్రముగా నుండెను. ఆ కాలపు రోమ్యూరు మానమున సున్నకు దిగువ 10 మొదలు 15 డిగ్రీల వరకు, అనగా మన సెంటిగ్రేడు మానమున సున్నకు దిగువ 12 మొదలు 19 వరకు. అంత చలిలోను పాదములు నొచ్చుచున్నవని ఆయన యొద్దకు వచ్చిన సైనికులు దాదాపుగా లేరు. ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి దాటిన పిమ్మట హఠాత్తుగా వాతావరణము మారెను. మంచు కరగసాగెను. వేడిమి సున్నకు పైన కొన్ని డిగ్రీలకు ఎక్కెను. ఆ దినముననే సైనికులు గుంపులుగా వచ్చి పాదములయందు మంటయు బరువును తిమ్మిరియు కలవని మొఱపెట్టిరి. చూడగా పాదములు వాచి యుండెను, కొందరి వ్రేళ్ళు అప్పటికే నల్లబడి యుండెను. వారిలో ఎవరు మంటల చెంతకు పోయి కాళ్ళు కాచుకొనిరో వారి గతి మిక్కిలి దుర్భరమయ్యెను.

ఈ దృశ్యమును అర్థము చేసికొనుటకు దేహనిర్మాణమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. మన శరీరములోని గుండె, మెదడు, కాలేయము మొదలగునవి ఇంచుమించు 37 డిగ్రీల వేడిమియందు మాత్రమే సరిగా పనిచేయును. వెలుపల చలి హెచ్చినప్పుడు ఈ వేడిమిని కాపాడుటకై దేహము చేయు మొదటి పని చర్మములోని సన్నని రక్తనాళములను బిగించుట. వ్రేళ్ళు, ముక్కు కొన, చెవులు ఇందులకు మొదట గుఱియగును. వ్రేలియందు ఎముకయు, నరములును, చర్మమును తప్ప వేడి పుట్టించు కండలు లేవు. వ్రేళ్ళను ఆడించు కండలలో పెద్దవి ముంజేతియందే కలవు. కావున వ్రేలికి వేడి కావలెనన్న రక్తముతోనే రావలెను. అంతేకాక, సన్నని వస్తువునకు లోపలి పదార్థము తక్కువ, పైచర్మము ఎక్కువ. వెడల్పు పళ్ళెములో పోసిన అన్నము కుండలోని అన్నముకన్న త్వరగా చల్లారునట్లే వ్రేలును త్వరగా చల్లారును. రక్తము తగ్గిన వ్రేలు తన చుట్టునున్న గాలితో సమానమగు వరకు చల్లబడుచునే యుండును.

ఐనను దేహము తన కొనలను ఒక్కమారుగా విడువదు. లండనులో సర్ తామస్ లూయిస్ అను వైద్యుడు 1930లో ప్రకటించిన పరిశోధన ఒకటి కలదు. మంచునీటిలో వ్రేలు ముంచియుంచినయెడల మొదట రక్తనాళములు బిగిసి వ్రేలు తెల్లబడి నొప్పి పుట్టును. అయిదు పది నిమిషములైన పిదప నాళములు తమంతట తామే తెఱచుకొని, వ్రేలు కొంత వెచ్చబడును. మరల బిగియును, మరల తెఱచుకొనును. చలిదేశములలో చేపలు పట్టి జీవించువారికి ఈ శక్తి అధికమని తరువాతివారు కనుగొనిరి. ఐతే మనిషి కడుపునిండ తిని, మొండెము వెచ్చగా నున్నంతకాలమే ఇది చక్కగా జరుగును. ఆకలిచేతను అలసటచేతను దేహమధ్యమే చల్లబడినప్పుడు ఈ తెఱచుట సన్నగిల్లి పోవును. దేహము గుండెను కాపాడుకొనుటకై వ్రేళ్ళను వదలుకొనును.

అప్పుడు జరుగునది మంచుకాటు. మాంసము సున్నకు కొంచెము దిగువను గడ్డకట్టును. మొదట కణముల నడుమనున్న ద్రవమున సన్నని మంచు స్ఫటికములు పుట్టును. అవి కణములలోని నీటిని లాగికొని పెరుగును. చర్మము కొవ్వొత్తి వలె తెల్లనై గట్టిపడును. నొప్పి యుండదు. నొప్పి లేకపోవుటయే ఇందలి మోసము. ఐసుముక్కను గుప్పిట పట్టుకొనిన బాలునికి మొదట చురుకు, పిదప నొప్పి, తుదకు మొద్దుబారుట తెలియును. సైనికుడు ఆ తుది దశయందు నొప్పి పోయినదని సంతోషించును. గడ్డకట్టినది కరగునప్పుడు గాని అసలు నష్టము బయటపడదు. కరగిన వెంటనే రక్తనాళముల గోడలనుండి ద్రవము ఊరి వాపు పుట్టును, బొబ్బలు లేచును, సన్నని నాళములలో రక్తము గడ్డకట్టి ప్రవాహము నిలిచిపోవును. బొబ్బలలో తెల్లని నీరున్నయెడల ఆశ కలదు. నల్లని నెత్తురున్నయెడల లోతుగా చెడినదని యెఱుగవలెను. కరగినది మరల గడ్డకట్టినయెడల నష్టము మొదటిదానికన్న ఎక్కువ. ఐలావు కడ మంచు కరగిన దినమున సైనికులు మొఱపెట్టుటకు కారణమిదియే. లారే ఈ రహస్యపు టంచును తాకెను. సూక్ష్మదర్శినితో రక్తనాళములను పరీక్షించు విద్య అప్పటికి ఎదుగలేదు గాన లోనికి పోజాలకపోయెను.

1809లో నెపోలియను ఆయనకు బారన్ అను బిరుదమిచ్చెను. మూడేండ్లకు రష్యా దండయాత్ర వచ్చెను. 1812 జూను నెలలో 4 లక్షలకు పైబడిన సైన్యము నీమెన్ నదిని దాటెను. స్మోలెన్స్కు కడ కట్లు కట్టుటకు గుడ్డలు లేక, ఆ నగరపు దస్తావేజుల గదిలోని కాగితములను లారే వాడెను. సెప్టెంబరు 7వ తేదీని బొరొడినో యుద్ధమున ఒక్క దినమున ఇన్నూరు మందికి కాళ్ళు చేతులు కోయవలసివచ్చెను. అక్టోబరు 19వ తేదీని సైన్యము మాస్కో విడిచి వెనుకకు మరలెను.

ఆ తిరుగు ప్రయాణమంతయు లారే తన కోటు బొత్తమునకు ఒక చిన్న ఉష్ణమాపకమును వ్రేలాడగట్టుకొని నడచెను. తిండిలేక, నిలువనీడ లేక మనుష్యులు రాలిపోవుచుండగా ఆ వైద్యుడు దినదినమును చలిని కొలిచి వ్రాసికొనెను. డిసెంబరులో అది సెంటిగ్రేడు సున్నకు దిగువ 30 డిగ్రీలు దాటెను. చలిచే చచ్చువాని లక్షణములను ఆయన వరుసగా వర్ణించియున్నాడు. ముఖము పాలిపోవును, మాట తడబడును, చూపు మందగించును, త్రాగినవాని వలె తూలుచు నడచును, తుదకు కూర్చుండి నిద్రించును, ఆ నిద్రనుండి లేవడు. మంటలు వేసిన చోట్ల ఆయన మరింత దారుణమును చూచెను. మొద్దుబారిన పాదములను సైనికులు నిప్పులలో పెట్టినంత పని చేయుచుండిరి. కాలుచున్నను వారికి తెలియదు. కోవ్నో పట్టణము వరకు క్షేమముగా నడచి వచ్చిన యొక సైన్యౌషధకారుడు, చలితో బిగిసియున్న దేహముతో ఆస్పత్రిలోని వేడిగదిలో ప్రవేశించి, కొన్ని గంటలలోనే అవయవములు వాచి మరణించెను. ఈ సంగతి లారే మనస్సున బలముగా నాటుకొనెను.

ఇట్టి దృశ్యములనుండి ఆయన చేసిన నిర్ణయమిది: చలి కేవలము దారి చేయును, అవయవమును చంపునది హఠాత్తుగా తగిలెడి వేడి. కావున గడ్డకట్టిన అవయవమును మంచుతోనే రుద్దవలెను, మంచు లేనియెడల మిక్కిలి చల్లని నీటిలో ముంచవలెను, పిదప మెల్లమెల్లగా వెచ్చబడనీయవలెను. ఈ మాట ఆయన గ్రంథములద్వారా ఐరోపా యంతటను వ్యాపించెను. ఇరువదియవ శతాబ్దమున బడిపిల్లలకు నేర్పిన ప్రథమచికిత్స పుస్తకములలోను మంచుతో రుద్దుట యుండెను.

ఇందు మూడు సంగతులు కలిసిపోయినవని నేటి వైద్యులు ఎఱుగుదురు. మంటలో కాలిన పాదము చెడును. కరగి మరల గడ్డకట్టిన పాదము చెడును. ఈ రెంటిని లారే కన్నులార చూచెను, వానినిగూర్చి ఆయన చేసిన హెచ్చరిక నేటికిని నిలిచియున్నది. కాని వీనినిబట్టి వేడి యంతయు విషమని తలచుట సరికాదు. మంచుతో రుద్దినయెడల స్ఫటికములు నిండిన మాంసము నలిగి చిరుగును, గడ్డకట్టియుండు కాలమును పెరుగును. ఇరువదియవ శతాబ్దపు మధ్యభాగమున రష్యాదేశపు వైద్యులును, అలాస్కాలో పర్వతారోహకులకు చికిత్స చేసిన వైద్యులును దీనికి విరుద్ధమైన పద్ధతి మేలని చూపిరి. గడ్డకట్టిన చేతిని లేక పాదమును 37 మొదలు 39 డిగ్రీల వేడిమిగల నీటిలో ముంచి, సుమారు అరగంటసేపు, చర్మము మెత్తనై ఎఱ్ఱబడు వరకు ఉంచవలెను. రుద్దరాదు. నిప్పునకు చూపరాదు. మరల గడ్డకట్టు భయమున్నచోట కరగింపనే రాదు. గడ్డకట్టిన పాదములతో నడచి ఆశ్రయము చేరుట, నడుమ కరగించి మరల చలిలో నడచుటకన్న మేలు. చెడిన భాగమునకును బ్రతికిన భాగమునకును నడుమ గీత స్పష్టముగా ఏర్పడుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. గుండు దెబ్బకు ఆలస్యము చేయక కోయవలెనని లారే బోధించెను, అది గుండు దెబ్బకు చెల్లును. మంచుకాటునకు ఓపికయే శస్త్రము. నాళములలో రక్తప్రవాహమును తిరిగి తెచ్చు ఐలోప్రోస్టు అను మందునకు 2024లో అమెరికా దేశమున అనుమతి లభించెను.

గాలిని కొలిచిన ఆ ఉష్ణమాపకమును గోరువెచ్చని నీటిలో ముంచి చూచుట ఆయనకు తోచలేదు. మంచుపై పరుగెత్తు సైన్యమునకు గోరువెచ్చని నీరు ఎచ్చటిదని ఎవరైన అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే, మేమును దానిని కాదనము. కాని యుద్ధము ముగిసి, సుఖముగా ఆస్పత్రులలో కూర్చున్న తరువాతి తరములవారు ఆ మాటను పరీక్షింపక కంఠస్థము చేసిరి. ఎన్ని వ్రేళ్ళు దానివలన పోయెనో లెక్కించువారు లేరు. ఆ తప్పు లారేదికన్న వారిదే యెక్కువయని మా యభిప్రాయము.

ఈ విషయము దూరదేశములకే చెందినదని మన పాఠకులు తలపరాదు. 1914వ సంవత్సరపు శీతకాలమున ఫ్రాన్సు దేశపు కందకములలో భారతీయ సైనికులు మోకాటిలోతు బురదనీటిలో నిలిచిరి. నీరు గడ్డకట్టకపోయినను, తడిసిన పాదము దినములకొలది చలిలో నుండినయెడల నరములును నాళములును చెడును. దానికి కందకపాదమని పేరు వచ్చెను. 1984 నుండి సియాచిన్ హిమానీనదముపై కావలియుండు మన సైనికులకు మంచుకాటు నేటికిని శత్రువే.

లారే కథకు మరలుదుము. 1812 నవంబరు తుదిని బెరెజినా నదిపై కట్టిన వంతెనల కడ జనులు ఒకరినొకరు త్రొక్కుకొనుచు చచ్చుచుండిరి. శస్త్రచికిత్స పనిముట్లకై వెనుకకు పోయిన లారే ఆ గుంపులో చిక్కుకొనెను. ఆయనను గుర్తించిన సైనికులు ఆయన పేరు కేకవేసి, చేతులమీదుగా ఒకరినుండి యొకరికి అందించుచు వంతెన దాటించిరి. ఆకలిచే తోటివానిని నదిలోనికి త్రోయుచున్న జనులే, చలికి బిగిసిన తమ చేతులతోనే ఆయనను మోసిరి. మేము చదివిన యుద్ధచరిత్రలలో దీనిని పోలినది మరియొకటి కనుపడలేదు.

మరుసటి యేడు, 1813లో, బౌట్జెన్ యుద్ధము తరువాత ఆయనకు వేరొక పరీక్ష వచ్చెను. రెండువేల ఆరువందలకు పైబడిన క్రొత్త సైనికులకు చేతులయందును వ్రేళ్ళయందును తుపాకి గాయములు కనబడెను. యుద్ధము తప్పించుకొనుటకై వీరు తమ వ్రేళ్ళను తామే కాల్చుకొనిరని సేనాధిపతులు నెపోలియనుతో చెప్పిరి. అట్టి నేరమునకు మరణమే శిక్ష. నెపోలియను కోపముతో నుండెను. వైద్యులు కొందరు సేనాధిపతుల మాటకే తలయూపిరి. లారే ఒప్పుకొనక, విచారణ కావలెనని పట్టుబట్టి, ప్రతి సైనికుని చేతిని పరీక్షించెను. అనుభవము లేని బాలురు వరుసలుగా నిలిచి కాల్చునప్పుడు వెనుకవరుసవాని గుండ్లు ముందువరుసవాని చేతులకు తగిలినవనియు, ఒక్కనియందును నేరము రుజువు కాలేదనియు వ్రాసి యిచ్చెను. చక్రవర్తికి ఇష్టములేని మాటను చక్రవర్తి ముఖముననే చెప్పెను. తుదకు నెపోలియను సత్యమును గ్రహించి, ఆయనకు ధనమును, రత్నములు పొదిగిన తన చిత్రపటమును, వార్షికవేతనమును ఇచ్చెను. ఆ బాలుర తల్లులకు ఈ సంగతి తెలిసెనో లేదో.

1815 జూను 18వ తేదీని వాటర్లూ యుద్ధమున లారే ప్రష్యా సైనికుల చేత చిక్కెను. వారు ఆయనను కాల్చివేయుటకు సిద్ధపడిరి. ఒకప్పుడు బెర్లినులో ఆయన ఉపన్యాసములను వినిన యొక జర్మను వైద్యుడు ఆ సమయమున ఆయనను గుర్తుపట్టి ఆపెను. పిదప ప్రష్యా సేనాపతియగు బ్లూఖరు యొద్దకు తీసికొనిపోయిరి. పూర్వము యుద్ధమున గాయపడి ఫ్రెంచివారికి చిక్కిన బ్లూఖరు కుమారునికి చికిత్స చేసి బ్రతికించినది లారేయే. శత్రువని చూడక కట్టిన కట్టు ఆ దినమున ఆయన ప్రాణమును కాపాడెను. సెయింటు హెలీనా ద్వీపమున 1821లో మరణించిన నెపోలియను తన వీలునామాయందు లారేకు లక్ష ఫ్రాంకులు వ్రాసి, తానెఱిగిన మనుష్యులలో ఈయనకన్న ధర్మపరుడు లేడను అభిప్రాయమును తెలిపెను.

రాజ్యములు మారినప్పుడు ఆయన కొంతకాలము పదవిని జీతమును పోగొట్టుకొనెను. ఐనను స్వదేశము విడిచి పోలేదు. వృద్ధాప్యమున పారిసునందలి ఇన్వాలీదు అను సైనికుల ఆశ్రమమునకు ముఖ్య శస్త్రవైద్యుడై, తానే ఒకప్పుడు కాళ్ళు చేతులు కోసి బ్రతికించిన ముసలి సైనికుల మధ్య తిరిగెను. 1842లో, 76వ యేట, అల్జీరియాలోని సైన్యపు ఆస్పత్రులను పరీక్షించుటకై కుమారునితో కూడ బయలుదేరెను. కుమారుడు హిప్పొలిట్ సహితము శస్త్రవైద్యుడే. తిరుగు ప్రయాణమున జబ్బుపడి, జూలై 25వ తేదీని లియోన్ నగరమున మరణించెను. ఆయన భార్య షార్లట్ కొద్ది దినములకు ముందే పారిసు దాపున కన్నుమూసియుండెను. చక్రవర్తి సమాధికి దగ్గరగా తన్ను పాతిపెట్టవలెనని ఆయన కోరుకొనెను. అది అప్పుడు జరుగలేదు. పేర్ లాషేజ్ శ్మశానమునుండి ఆయన యస్థులను ఇన్వాలీదునకు 1992లో చేర్చిరి.